నమూనా రైలు నక్షాలు – మూలకర్త పేరు
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ యేటి ప్రదర్శనమునకు మన పిల్లలు అట్టతోను, పలుచని చెక్కతోను నౌపడ–పర్లాకిమిడి చిన్న రైలు నమూనాను చేయుచున్నారు. 1900లో నడువనారంభించిన ఆ బండి 1931 నాటికి గుణుపురము చేరినది. దాని పట్టాల నడుమ వెడల్పు 762 మిల్లీమీటర్లు. 1:87 ప్రమాణమున నది సుమారు 8.8 మిల్లీమీటర్లగును. కావున బజారులో దొరకు 9 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోవును.

పెట్టెలకు, స్టేషనులకు మాత్రము నక్షాలు కావలెను. అవి ఊరక పుట్టవు. ఎవరో ఒక అభిరుచిగలవాడు సెలవు దినమున టేపు పట్టి కొలిచి, రాత్రులు కూర్చుండి గీచి, పదిమందికి ఇచ్చును. మన చిన్న బండి 2004లో ఆగినది; 2011 నాటికి గుణుపురము వరకు బ్రాడ్ గేజి వచ్చినది. పాత కట్టడము పోయినచోట మరల కొలుచుటకు గోడ యుండదు, ఆ కాగితమే మిగులును.

ఆ కాగితమును ఉన్నదున్నట్లు వాడుట అరుదు. కొందరు 1:76.2 ప్రమాణమున గీయుదురు. దానిని 1:87కు తెచ్చుటకు ప్రతి కొలతను సుమారు 0.875తో గుణింపవలెను, 80 మిల్లీమీటర్ల గోడ 70 అగును. గీయని వెనుకగోడను ఊహింపవలెను. ఇదియు శ్రమయే. అంతమాత్రమున నక్షా మనదగునా?

కాదు. 1957 నాటి కాపీరైటు చట్టమున నక్షాయును కళాకృతియే. కాపీరైటును ఇతరులకు ఇచ్చివేసినను, కర్తృత్వము చెప్పుకొను హక్కును 57వ సెక్షను కర్తకే ఉంచినది. మార్చి పంచుటకు ముందు అనుమతి అడుగవలెను. కొందరు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ముందే అనుమతి ఇత్తురు. అందును కొన్ని మార్చినదానిని పంచనీయవు. చదివి చూడవలెను.

“పేరు వేసితిమి గదా, చాలదా?” అని కొందరడుగుదురు. చాలదని మా అభిప్రాయము. మన మూహించిన వెనుకగోడ క్రింద ఆయన పేరున్నచో, ఆ గోడను ఆయనయే కొలిచెనని లోకము నమ్మును. తప్పు మనది, అపవాదు ఆయనది! దానిని చూచి మరియొకడు ఇంకొక నమూనా చేయును. కనుక ప్రతి నక్షాపైని “మూలము ఫలానావారిది, వారి అనుమతితో 1:87కు తగ్గించితిమి, వెనుకగోడ మా ఊహ” అని వ్రాయించుచున్నాము. మార్చిన గీతలు ఎఱ్ఱసిరాతో నుండును. ఒక ప్రతిని మూలకర్తకు పంపుదుము.

ఇంటివద్ద పిల్లలు అంచులు కత్తిరించుటకు ముందు కాగితపు క్రింది మూలను ఒకసారి చూడుడు. కర్త పేరు సాధారణముగా అక్కడనే యుండును.