చిట్టా యెవరి చేతిలో నుండవలెను?

(ఆదోని, ఎమ్మిగనూరు పఠనమందిరముల చదువరుల యెదుట చేసిన యుపన్యాసము)



నేడు మేము మీ యెదుట ప్రస్తావింపనున్న విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. కంప్యూటరులో నొక బ్రౌజరును, అనగా ఇంటర్నెట్టు పుటలను తెరచి చూపు పనిముట్టును, ఎట్లు అమర్చుకొనవలయు ననుటయే యా విషయము. ఇది యంత్రముల పనివారికి విడువదగిన మాటగదా, పఠనమందిరమున దీని ప్రసక్తి యేల యని కొందరు తలపవచ్చును. తలుపునకు గడియ చేయువాడు వడ్రంగియే; కాని యా గడియ యెవరి చేతిలో నుండవలెనో నిర్ణయించుకొనవలసినవాడు ఇంటివాడు.

ప్రత్తి విపణికి పేరొందిన ఆదోనిలో చిట్టా ఆవర్జాల విలువను గూర్చి యెవరికిని చెప్పనక్కరలేదు. తూకమెంత, ధర యెంత, బాకీ యెంత యని వ్రాసిన పుస్తకము వర్తకుని యొద్ద మాత్రమే యున్నచో రైతు బేరమునకు ముందే సగము ఓడినవాడగును. నేడు మనమందరము అట్టి రైతులమే. ఒకడు తన వ్యాధిని గూర్చి వెదకును. ఒకడు అప్పు దొరకు చోటును వెదకును. ఒక తల్లి కూతురి చదువునకు దారి వెదకును. ఇంటిలో సైతము పైకి చెప్పని యీ మాటలన్నియు, మన మెరుగని వారి చిట్టాలలో తేదీలతో సహా చేరుచున్నవి.

ఇది జరుగు విధము దుర్గ్రాహ్యము కాదు. మనమొక వార్తాపుటను తెరచినపుడు ఆ పత్రికవారే కాక, ఆ పుటలో ప్రకటనల నమర్చిన కంపెనీలును మన రాకను గుర్తించును; మన కంప్యూటరులో ‘కుకీ’ యను చిన్న చీటీ నుంచును. మరునాడు వేరొక పుటకు పోయినను, అచ్చటను ఆ కంపెనీయే యున్నచో, చీటీని చూచి నిన్నటి మనిషియే యని పోల్చుకొనగలదు. చీటీని చించివేసినను, తెర కొలత, అక్షరరూపములు, గడియారపు కాలమండలము మొదలగు లక్షణముల కూడికనుబట్టి, వేలిముద్రను పోల్చినట్లు, మన యంత్రమును పోల్చు ఉపాయము కలదు.

గోప్యత ధనికుల విలాసము కాదు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారి వ్యాజ్యమున, గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని యేకకంఠముగా తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టమును చేసినది. ఇవి మేలైన పనులే. కాని చట్టము సాధారణముగ దొంగతనము జరిగిన పిదప పలుకును. గడియ ముందుగనే పలుకును.

గడియ యెంత గట్టిదైనను గోడ మనది కానిచో ప్రయోజన మల్పము. బ్రౌజరునకు గోడవంటిది ఆపరేటింగు సిస్టము. 1983లో రిచర్డు స్టాల్మను ప్రకటించిన గ్నూ ఉద్యమము, 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు, ఈ రెండును కలిసి మూలము బహిరంగముగా నుండు సిస్టములకు పునాదియైనవి. 1993లో మొదలైన డెబియను అట్టిది. దాని మూలవ్రాతను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, పంచిపెట్టవచ్చును, వెల లేదు. విండోసు 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణ ముగిసినందున, క్రొత్త విండోసునకు తగవని త్రోసివేయబడిన పాత కంప్యూటరులు మన దుకాణములలోను పాఠశాలలలోను కలవు. వానిలో పెక్కు లినక్సుతో మరికొన్నియేండ్లు పనిచేయగలవు.

విదేశీయులు వ్రాసిన వస్తువు మనదెట్లగునని ప్రశ్నింతురేమో. పుట్టినచోటు మాత్రమే చూచినచో ఆ ప్రశ్న న్యాయమే. కాని విప్పి చూచుటకును, మన యవసరమునకు మార్చుకొనుటకును హక్కున్న వస్తువు మన చేతిలో మనదియే యగును. హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు మాటలతో నడచు లినక్సు సిస్టమును సిద్ధపరచుట ఆ హక్కువలననే సాధ్యమైనది. ఫైర్‌ఫాక్సు బ్రౌజరు తెలుగున, కన్నడమున, ఉర్దూనను లభించుచున్నది. ఆదోని బజారున వినబడు మూడు భాషలును అందు కలవు.

ఇక అమర్చు పని. మొదట మీ పత్రములను, ఫొటోలను వేరొకచోట భద్రపరచుడు. డెబియను ‘లైవు’ ప్రతిని ఆ సంస్థ సొంత పుటనుండియే దింపి, యొక పెన్‌డ్రైవునం దెక్కింపుడు. దానితో కంప్యూటరును నడపి, పాత సిస్టమును కదలింపకయే పరీక్షించి, నచ్చిన పిదపనే స్థిరపరుపుడు. ఫైర్‌ఫాక్సు సాధారణముగ దానితోనే వచ్చును. దానినుండి పుట్టి, వాడుకరి సమాచారమును తయారుచేసినవారికి పంపు భాగములను తీసివేసిన బ్రౌజరు లిబ్రెవుల్ఫ్. ఇది డెబియను సొంత భాండారమున లేదు. అందుచే ‘ఎక్స్‌ట్రెపో’ యను పనిముట్టును డెబియనునుండి తెచ్చి, దానిద్వారా లిబ్రెవుల్ఫ్ భాండారమును చేర్చి, జాబితాను తాజాపరచి, బ్రౌజరును స్థాపింపవలెను. ఆ పిదప సిస్టమును నవీకరించునపుడెల్ల బ్రౌజరును నవీకరింపబడును.

ఈ మార్గమున మర్మమొకటి కలదు. భాండారపు జాబితాపై దానిని నడపువారి గణితముద్ర యుండును. మన యంత్రము ఆ ముద్రను తాళపుచెవితో సరిచూచి, సరిపడనిచో త్రోసివేయును. బేలుపై గుర్తు చూడక సరుకు దింపుకొను వర్తకుడు మనలో లేడు. అట్లుండగా, ఎవడో చెప్పిన ఆజ్ఞను అర్థమెరుగక సర్వాధికారముతో నడపుట ఇంటి తాళమును దారిన పోవువాని కిచ్చుటయే.

లిబ్రెవుల్ఫ్ యూబ్లాక్ ఆరిజిన్ అను వడపోతతో ప్రకటనల నాపును. మూసిన వెంటనే సాధారణముగ కుకీ చీటీలను తుడిచివేయును. కాలమండలమును సైతము దాచును. అందుచే కొన్ని పుటలలో గడియారము మన కాలమునకు ఐదున్నర గంటలు వెనుక చూపవచ్చును. ప్రతిమారు మరల లాగిన్ కావలసివచ్చును. కొన్ని పుటలు సరిగా పనిచేయకపోవచ్చును. ఇది గోప్యతకు మనమిచ్చు వెల. మరియు దాని హద్దు నెరుగవలెను. పేరుతో లాగిన్ అయినచోట మనమెవరమో వారికి తెలియును. ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీకి మనమే తావునకు పోయితిమో తెలియవచ్చును. అదియు దాచవలసినవారు టార్ బ్రౌజరును వాడుదురు. అది మన మాటను మూడు మజిలీల మీదుగా పంపును, కనుక వేగము తగ్గును.

మూలము బహిరంగమైనంత మాత్రమున అపాయము లేదనుట భ్రాంతి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను చిన్న పరికరమున, చిరకాలము సాయము చేసి నమ్మకము సంపాదించిన యొక సహాయకుని పేరిట దొంగదారి చొప్పింపబడినట్లు బయటపడినది. లాగిన్ కావలసిన సమయమున అరసెకను ఆలస్యమేలయని శంకించిన ఆండ్రెస్ ఫ్రాయిండు అను ఇంజనీరు దానిని పట్టుకొనెను. డెబియను స్థిరప్రతికి చేరకముందే యది తొలగింపబడినది. మూలము తెరచియుండుటచే శంక నిగ్గుతేలినది. కాని శంకించు మనిషి యుండుటచే మూలము తెరచియుండుట ఫలించినది. తెరచిన పుస్తకమునకు చదువరి కావలెను.

ఈ పాఠము ఎమ్మిగనూరునకు క్రొత్తది కాదు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి నేతగానికి నూలు ధరను, గుడ్డ ధరను వేరొకరు నిర్ణయింతురు. సంఘములోనివాడు లెక్కల పుస్తకమును అడిగి చూడగలడు. పని యొక్కటే, మగ్గ మొక్కటే. మారినది పుస్తకముపై హక్కు.

కావున మా కోరిక యిది. రెండు పట్టణములలోను, ప్రతి పఠనమందిరమునను, ఒక పాత కంప్యూటరును ఈ విధముగ సిద్ధపరుపుడు. తెలిసిన యువకు లిద్దరు వారమున కొక సాయంకాలము కూర్చుండి, దుకాణదారునకు, విద్యార్థికి, నేతగానికి, గృహిణికి చేతులు పట్టి చూపవలెను. పని తాము చేసిపెట్టక, వచ్చినవారిచేతనే చేయింపవలెను. ఏలయన, ఒకరు చేసిపెట్టిన గడియ ఒకరి చేతిలోనే యుండిపోవును. ఖర్చు స్వల్పము, ఓపిక యధికము. మన చదువు చిట్టాను మన చేతికి తెచ్చుకొను పని ఆ సాయంకాలములందే ఆరంభింపవలసియున్నది.