పొగ తాగని మనిషికీ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండగ పూట జబ్బు సంగతి ఎత్తామని ఏమీ అనుకోవద్దు. హాస్టల్ వార్డెన్లుగా మేము పిల్లల్నే కాదు, వాళ్లను చూడటానికి వచ్చే తల్లుల్నీ చూస్తుంటాం.

రేపల్లె వైపు నుంచి ఒక అమ్మ కూతురి కోసం వచ్చేది. బీడీ, చుట్ట ఎరగదు. పొడిదగ్గు పట్టుకుంది. ముందు మందుల షాపు సిరప్పు తాగింది. తర్వాత ఒక ఆసుపత్రిలో కఫం పరీక్షలో ఏమీ కనిపించకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు మింగింది. దగ్గు తగ్గలేదు, మనిషి తగ్గిపోయింది. చివరికి సీటీ స్కాన్, బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ఎముకలకు పాకింది.

ఆమె పోయాక "చాటుగా చుట్ట తాగేదేమోలే" అన్నారు కొందరు. ఆ మాట పిల్ల చెవిన పడింది. "మా అమ్మ తాగలేదు మేడమ్" అని మా దగ్గర ఏడ్చింది. మా తప్పూ ఉంది. నెలల తరబడి ఆ దగ్గు విని, చలికేమో అనుకున్నాం.

పొగ తాగేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ, నిజమే. కానీ తాగనివాళ్లకూ వస్తుంది. ఇంట్లో ఎవరో తాగిన బీడీ పొగ ఒక కారణం. గాలి కాలుష్యాన్ని 2013లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. కట్టెల పొయ్యి పొగ కూడా బహుశా కారకమేనని ఆ సంస్థే చెప్పింది. తాటాకు పాకలో సరుగుడు కట్టెలు, పిడకలు ఊదే మన ఆడవాళ్లు, ఎలుక బొరియల్లోకి పొగ ఊదే మన మగవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏ కారణమూ దొరకని కేసులూ ఉంటాయి. కాబట్టి రోగిని నిందించవద్దు.

పొగ తాగనివాళ్లలో ఈ గడ్డ తరచుగా ఊపిరితిత్తి అంచుల్లో పెరుగుతుంది. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తపు చార, ఆయాసం, గొంతు బొంగురు, తగ్గిపోయే బరువు కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు కఫం పరీక్ష చేయించాలి. టీబీ మందులు సొంతంగా మానవద్దు. రెండు నెలలైనా గుణం లేకపోతే "సీటీ స్కాన్ అవసరమా అయ్యా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. బయాప్సీ చేస్తే జబ్బు పాకుతుందని భయపడి ఆగవద్దు. ఆ ముక్కలోనే జన్యు పరీక్ష చేస్తారు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే జెఫిటినిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. ఈ మార్పు పొగ తాగనివాళ్లలోనే ఎక్కువ. మాత్రలు హైదరాబాదులోనూ తయారవుతున్నాయి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది.

సంఘం పెద్దలకు ఒక్క మనవి. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కానీ ఆధార్, రేషన్ కార్డు లేని యానాది ఇంటికి అటు సిలిండరూ అందదు, ఇటు వైద్యసేవా అందదు. ఈ ఏడాది ప్రతి కాలనీలో కార్డులు లేని ఇళ్ల జాబితా రాద్దాం. రాసిపెట్టడానికి మా హాస్టల్ పిల్లలున్నారు, మేమున్నాం.

సెలవు. జై ఆదివాసీ.