గేటు వేరు, ఇంజను వేరు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నావని చాలామంది అడుగుతుంటారు. సిగ్నల్స్‌లో సర్వీసు ముగించుకుని సూరత్ చేరాను. ఉధ్నా దాటగానే వచ్చే భేస్తాన్‌లో ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసే పని. చుట్టూ మరమగ్గాల షెడ్లు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన మన నేతపనివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు కూలి మీటర్ల లెక్కన. ఏ మగ్గం ఎన్ని మీటర్లు నేసింది, ఎంతసేపు ఆగింది అన్నది సెన్సార్లు మాకు పంపుతూనే ఉండేవి.

షెడ్లు పెరిగేకొద్దీ ఆ డేటా ఒక్క కంప్యూటరుకు మించిన పని అయింది. అందుకని స్పార్క్ పెట్టుకున్నాం. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 2009లో మొదలై, 2013లో అపాచీ సంస్థకు చేరిన ఇంజను ఇది. మన భాషలో చెప్పాలంటే, ఇందులో ఒక కమాండ్ పోస్టు ఉంటుంది. దాని పేరు డ్రైవర్. అది పనిని ముక్కలు చేసి సెక్షన్లకు పంచుతుంది. ఆ సెక్షన్లే ఎగ్జిక్యూటర్లు. ఒక సెక్షన్ పడిపోతే దాని వంతు పని ఇంకొకరితో మళ్ళీ చేయిస్తుంది. కమాండ్ పోస్టే పడిపోతే మాత్రం నడుస్తున్న పనంతా ఆగినట్లే.

మా తప్పు అక్కడే జరిగింది. ఆ డ్రైవర్‌ను వెబ్ సర్వర్ లోపలే కూర్చోబెట్టాం. గేటు సెంట్రీకే కమాండ్ పోస్టు అప్పజెప్పామన్నమాట! ఇంకో మిషన్ ఖర్చెందుకని దానికి సరే అన్నది నేనే.

2019లో ఒక కూలి రోజున షెడ్ల వాళ్ళంతా ఒకేసారి పేజీ తెరిచారు. స్పార్క్ మామూలుగా ముందొచ్చిన పనికే ముందు పీట వేస్తుంది. ఒక పెద్ద రిపోర్టు ముందు నిలబడింది, చిన్న లెక్కలన్నీ దాని వెనక చిక్కుకున్నాయి. పైగా ఆ రిపోర్టులో ‘కలెక్ట్’ అనే ఆదేశంతో నెల మొత్తం వివరాలు డ్రైవర్ దగ్గరికే తెప్పించాం. మెమరీ నిండింది. డ్రైవర్ పడింది, దాంతోపాటు సర్వరూ పడింది.

సాయంత్రం దాకా కూలి లెక్క తేలలేదు. షెడ్డుకు వెళ్తే ఒక పెద్దాయన, “సారూ, నేసిన మీటర్లు నేసినట్లే ఉన్నయి గదా, లెక్కెటు పోయింది?” అన్నాడు. నిజమే. డేటా డిస్కు మీద భద్రంగానే ఉంది. నా దగ్గర జవాబు లేదు.

తరువాత ఇంజనును వేరే మిషన్ మీదికి మార్చాం. సర్వర్ అర్జీ తీసుకుని టోకెన్ ఇస్తుంది, అంతే. లెక్కలు ఇంజను చేసి డేటాబేసులో రాస్తుంది, పేజీ అక్కడినుంచి చదువుతుంది. కూడికలన్నీ ఎగ్జిక్యూటర్ల దగ్గరే అయిపోయి, మొత్తాలు మాత్రమే పైకొస్తాయి. చిన్న పనులు వెనకబడకుండా ఫెయిర్ షెడ్యూలర్ పెట్టాం. కూలి లెక్క ముందురోజు రాత్రే తయారు. ఒక ప్రతి కాగితం మీద కూడా ఉంటుంది. 2023లో వచ్చిన స్పార్క్ కనెక్ట్ కూడా అప్లికేషన్‌ను డ్రైవర్ నుంచి విడదీసేదే.

రేపు సివిల్‌లోకి వచ్చే తమ్ముళ్ళకు ఒక్క మాట. ఒక మిషన్‌తో అయ్యే పనికి ఇంత పటాలం దించకండి. దించాల్సి వస్తే, గేటునూ కమాండ్ పోస్టునూ ఒకే గదిలో పెట్టకండి. ఆ గది కూలితే కూలి అందనివాడు బయట నిలబడి ఉంటాడు.

జై హింద్.