భారము దేవునిది, పలుగు మనది



దేవునికి మనలను అప్పగించుకొనుట యనగా చేతులు కట్టుకొని కూర్చుండుట యని కొందరు తలంతురు. మన తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రము అట్లు చెప్పదు.

1854 జనవరి 1వ తేదీ వేకువజామున జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండనెక్కి, ఆ యూరికొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. క్లౌ దొర అచ్చటికి 1866లో గాని రాలేదు. పండ్రెండేండ్లు ఆ ప్రార్థన కాచుకొనియుండెను.

1876-78 కరవులో క్లౌ దొర ప్రార్థనతోనే సరిపుచ్చక, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. తిండికై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ కష్టకాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

బెంగళూరున కాపురమున్న మనకును ఉద్యోగము, ఇంటి అద్దె, బిడ్డల చదువు దినదినపు దిగుళ్లే. ప్రార్థింపుడు, పిదప దరఖాస్తు వ్రాయుడు. సిఫారసుల అడ్డదారి చేతికందుచున్నను విడువుడు. పని మనది, ఫలమిచ్చు గడియ ఆయనది. ఆ గడియ ఆలస్యమైనపుడే మన నమ్మకము తేటపడును.