కంప్యూటరు భాషలలో దేనిని నేర్వవలెను?



ఇంటర్మీడియెటు ముగించిన పిల్లవాడో, పట్టము పుచ్చుకొని ఇంట నున్న ఆడపిల్లయో సాఫ్టువేరు ఉద్యోగమునకు పోదలచినప్పుడు ఇంటిల్లిపాదిని వేధించు ప్రశ్న యొకటి కలదు. జావా నేర్వవలెనా, పైథాను నేర్వవలెనా, లేక బంధువుల కుర్రవాడు బెంగుళూరునుండి ఫోనులో చెప్పిన క్రొత్త పేరు ఏదైన నేర్వవలెనా? ఇది తేలిక ప్రశ్న కాదు. దీనివెనుక కౌలు సొమ్మున్నది, కుదువబెట్టిన నగ యున్నది, పిల్లల వయస్సులో తిరిగిరాని రెండేండ్లున్నవి. హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనము పరిసరములలో నడచినవారికి అచ్చటి శిక్షణాలయముల ప్రకటనలు తెలిసినవే. ఆ పలకలు చెప్పునది నేటి గిరాకి. విద్యార్థి పనికి కుదురునది ఏడాదికో, రెండేండ్లకో. విత్తునాటి ధర చూచి పంట వేసిన రైతునకు కోతనాటి ధర ఎట్లుండునో ఈ సభలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందుకు కోబాల్ అను భాష కథ మంచి నిదర్శనము. 1959లో అమెరికాలో ప్రభుత్వ శాఖలవారును, కంప్యూటరులు తయారుచేయు కంపెనీలవారును కూడి వర్తక వ్యవహారముల లెక్కలకై దానిని రూపొందింపబూనిరి. మరుసటి యేడు దాని నియమావళి వెలువడినది. గ్రేస్ హాపర్ అను విదుషీమణి అంతకు మునుపు నిర్మించిన భాష దానికి ముఖ్యమైన ఆధారము. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ పద్దులను అందులో వ్రాయించుకొనినవి. ఆ కాలమున కంప్యూటరులలో చోటు మిక్కిలి ఖరీదు. అందుచే సంవత్సరమును నాలుగంకెలకు మారుగ రెండంకెలతోనే వ్రాసెడివారు. 99 పిమ్మట వచ్చు 00ను కంప్యూటరు 1900గా తలచినచో వడ్డీలు, పింఛనులు, గడువులు అన్నియు తారుమారగును. ఆ దోషమును సవరించుటకై 1990 దశాబ్దము చివర వేలకొలది ప్రోగ్రామరులు కావలసివచ్చిరి. తెలుగునాటినుండి అనేకులు కోబాల్ నేర్చి సముద్రములు దాటిరి. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనదియు 1998లోనే. 2000 జనవరి ఒకటవ తేదీ పెద్ద ప్రమాదము లేకుండ గడచినది. సవరణ ముగియగనే ఆ గిరాకియు ముగిసెను. ఇంతలో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలనేకము కూలుటతో కష్టము రెట్టించినది.

అయినను కోబాల్ చచ్చిపోలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా కారణమున పనులు పోయినవారు నిరుద్యోగ భృతికై ఒక్కుమ్మడి దరఖాస్తులు పెట్టగా, న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కోబాల్ తెలిసినవారు సాయమునకు రావలెనని బహిరంగముగ కోరవలసివచ్చినది. అరువదియేండ్ల భాష! గిరాకి తగ్గుట వేరు, భాష పోవుట వేరు.

నిజముగ పోయినది ఫ్లాష్. ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఆటలు, కదలు బొమ్మలు అన్నియు దానితోనే నడచెడివి. దానిని నేర్చి జీవించినవారు దేశదేశముల నుండిరి. అది అడోబి అను ఒక్క కంపెనీ సొత్తు. ఐఫోనులో దానికి చోటు దొరకలేదు. 2017లో అడోబివారే దానిని నిలిపివేయుదుమని ప్రకటించి, 2020 డిసెంబరు 31తో ముగించిరి. మైక్రోసాఫ్టువారి సిల్వర్‌లైట్ 2007లో పుట్టి 2021లో అట్లే ముగిసినది. కోబాల్‌మీద బ్యాంకు పద్దులు ఆనియున్నవి. ఫ్లాష్‌మీద ఆటలు, ప్రకటనలు ఆనియుండెను. కావున ఒక భాషను ఎన్నుకొనునప్పుడు ఎందరు నేర్చుచున్నారని అడుగుటకన్న, దానిమీద ఎవరి పని ఆనియున్నది, అది ఎవరి చేతిలో నున్నది అని అడుగుట మేలు.

ఈ పరీక్షకు నిలుచునది ఎస్.క్యు.ఎల్. ప్రకటనలలో దీనికి అంత ఆర్భాటము లేదు. సమాచారమును పట్టికలుగ అమర్చు సిద్ధాంతమును 1970లో ఐ.బి.యం. సంస్థలోని కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. అచ్చటివారే యైన చాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో దానికి తగిన ప్రశ్నల భాషను వెలువరించిరి. గ్రంథాలయమునందు సభ్యుల పట్టిక యొకటి, పుస్తకముల పట్టిక యొకటి, ఎరువిచ్చిన పుస్తకముల పట్టిక యొకటి యుండును. పదునైదు దినములు దాటియు పుస్తకము తిరిగి యియ్యనివారెవ్వరని మూడు పట్టికలను కలిపి అడుగుటకు ఇందులో ఒక్క వాక్యము చాలును. బ్యాంకైనను, ఆసుపత్రియైనను, రైలు టిక్కెట్లైనను పని యిదియే. ఏ భాష నేర్చినను దీనిని వెంట నేర్వకుండుట అవివేకము.

ఇక తొలి భాష. మోటారులలో, మీటర్లలో నుండు చిన్న యంత్రములను నడపగోరువారికి 1972 నాటి సి భాష నేటికిని ఆధారము. పెద్ద కార్యాలయముల పనికి 1995లో వెలువడిన జావా యున్నది. దాని సంస్థ 2010లో ఒరాకిల్ చేతికి పోయినను, దానిమీద కట్టిన పని అధికము గనుక అది నిలిచినది. వెబ్‌సైటులకు జావాస్క్రిప్టు తప్పనిసరి. దాని తొలిరూపమును బ్రెండన్ ఐక్ పది దినములలో వ్రాసెననిన ఆశ్చర్యము కలుగును. ఆ తొందర గుర్తులు అందులో ఇప్పటికిని కానవచ్చును. పైథాను 1991లో గిడో వాన్ రాసమ్ వెలువరించినది. ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు, చదువుటకు సులభము. ఏమియు తెలియనివారు దీనితో మొదలిడుట మంచిది. కళాశాలలో సి గాని జావా గాని కొంత నేర్చినవారు దానిని విడిచి పరుగెత్త నక్కరలేదు. ఆరు భాషలను ఆరు వారములు చొప్పున ముట్టుకొనినవాడు ఏ పనికిని కుదురుకొనడు. ఒకదానిని లోతుగ నేర్చి, తప్పు ఎచ్చట నున్నదో వెదకి పట్టగలిగినవానికి రెండవ భాష కొన్ని వారముల పని.

2022 నవంబరులో చాట్‌జి.పి.టి. వెలువడిన పిమ్మట యంత్రమే ప్రోగ్రాము వ్రాయుచుండగా ఈ చదువెందులకని కొందరు అడుగుచున్నారు. భయము నిరాధారము కాదు. క్రొత్తవారికి తొలుత అప్పగించు చిన్న పనులనే యంత్రము సులువుగ చేయుచున్నది. కాని అది వ్రాసినది సరియో కాదో చూడగలవారు కావలెను. పైపై చదువునకు మాత్రము వెల పడిపోయినది.

రుసుము కట్టకమునుపు ఒక నెల ఇంట పరీక్ష చేసికొనవచ్చును. పైథాను, ఎస్.క్యు.లైట్ అనునవి ఉచితముగ లభించును. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగ వినవచ్చును. పైన చెప్పిన మూడు పట్టికలతో ఈ గ్రంథాలయపు పద్దును విద్యార్థి స్వయముగ తయారుచేయవలెను. అది నడువక మొరాయించినప్పుడు పిల్లవాడు అన్నము మరచి తప్పు వెదకుచున్నాడా, లేక విసిగి లేచిపోవుచున్నాడా యని తల్లిదండ్రులు చూడవలెను. లేచిపోయినచో నగ విడిపించుకొనవలసిన బాధ యుండదు, వేరు చదువు చూచుకొనవచ్చును. కూర్చుండినచో అమీర్‌పేటకు పోయి, అచ్చట పూర్వము చదివినవారు స్వయముగ వ్రాసిన ప్రోగ్రాములను చూపుడని అడిగి, చూపినవారికే సొమ్ము కట్టవలెను.