ధర మాట రాని టమోటా కబుర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, "అమెరికా నుంచి వస్తున్నావు కదా, ఏదైనా పనికొచ్చే సంగతి మాట్లాడు" అన్నాడు. ఉద్యోగాలు, వీసాలు అని ఆయన ఉద్దేశం. అవి నాకంటే మీ పిల్లలకే బాగా తెలుసు. నేను టమోటా నారు గురించి, కొంచెం బీరు గురించి మాట్లాడతాను. అయ్యవార్లున్న సభలో బీరు మాట ఎత్తుతున్నందుకు మన్నించాలి. 1981లో పదో తరగతి దాటినవాణ్ని, అరవై ఏళ్లొచ్చాయి, ఇక బెంచీ ఎక్కించరనే ధైర్యంతో చెబుతున్నా.

నేనుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో మిల్వాకీ. మిషిగన్ సరస్సు ఒడ్డున ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ బీరు కాచడం మొదలుపెట్టారు. మిల్లర్, పాబ్స్ట్, ష్లిట్జ్ లాంటి పేర్లన్నీ ఆ ఊరివే. ఊరి బేస్‌బాల్ జట్టు పేరే 'బ్రూవర్స్', అంటే బీరు కాచేవాళ్లు. మన మదనపల్లె జట్టుకు 'టమోటా రైతులు' అని పేరు పెట్టినట్టు. పెడితే బాగానే ఉంటుంది.

అక్కడ మార్చిలో కూడా బయట మంచే. టమోటా మొక్కేమో చలికి తాళదు. మే నెల సగం దాటేదాకా రాత్రిపూట మంచు పడి మొక్కలు మాడిపోయే భయం ఉంటుంది. అందుకని మార్చి నడిమికల్లా ఇంటి కింది గదిలో చిన్న చిన్న కుండీల్లో గింజలు వేసి, పైన ట్యూబులైట్లు కట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పసిబిడ్డను సాకినట్టు సాకాలి. గింజ మొలవడానికి వెచ్చదనం కావాలి, మొలిచాక వెలుతురు కావాలి. వెలుతురు చాలకపోతే నారు దారంలా సాగి పడిపోతుంది. తడి ఎక్కువైతే నారుకుళ్లు తెగులు వచ్చి మొదలు దగ్గర నల్లబడి ఒక్క రాత్రిలో వాలిపోతుంది. ఇదంతా మీలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. చెప్పొచ్చేదేమంటే, మనకు ఎండ ఉచితం, వాళ్లు కరెంటు పెట్టి కొనుక్కుంటారు.

మే మొదటి వారాల్లో శనివారం సాయంత్రం మా వీధివాళ్లం అయిదారుగురం నా గ్యారేజీ ముందు చేరతాం. ఎవరి నారు వాళ్లు ట్రేలలో తెస్తారు. నా దగ్గర ఎక్కువున్నది నీకు, నీ దగ్గర ఎక్కువున్నది నాకు. బీరు పొరుగింటి పెద్దాయన తెస్తాడు. న్యూ గ్లారస్ అని ఆ రాష్ట్రంలోనే ఒక చిన్న ఊరుంది. అక్కడ చేసే బీరును విస్కాన్సిన్ దాటి ఎక్కడా అమ్మరు. పక్క రాష్ట్రం వాళ్లు కార్లేసుకుని వచ్చి కొనుక్కుపోతారు. కొంచెం మసకగా, గోధుమ గంజి పైతేట రంగులో ఉంటుంది. బాగుంటుంది. అంతకంటే ఈ వేదిక మీద వర్ణించను.

ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది మన రాగుల దగ్గరికి వస్తుంది. బీరుకు మూలం మాల్ట్. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకను ఎండబెట్టి ఆపితే అదే మాల్ట్. మొలకెత్తేటప్పుడు గింజలోని పిండి తీపిగా మారే వీలు కలుగుతుంది. మా అవ్వ రాగుల్ని తడిబట్టలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి, విసిరి పసిపిల్లలకు జావ కాచేది. ఆ సంగతి నేను చెబితే పెద్దాయన గ్లాసు పైకెత్తి, "మీ అవ్వ సగం బీరు చేసింది, మిగతా సగం ఎందుకు వదిలేసింది?" అన్నాడు. మా అవ్వ వింటే ఏమనేదో మీ ఊహకే వదిలేస్తున్నా.

ఆయనకు ఎనభై దాటాయి. పేరు పెట్టి పిలవమంటాడు, నాకు నోరు రాదు, 'సర్' అనే అంటాను. ముప్పై ఏళ్లు ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడ్డప్పుడు ఆయనకు ఇంకో ఉద్యోగం దొరికే వయసు కాదు, ఇంట్లో కూర్చునే వయసూ కాదు. రోజూ పొద్దున నారు మీద అరచేత్తో మెల్లగా నిమిరేవాడు. "గాలి తగలని మొక్కకు కాండం గట్టిపడదు, ఇంట్లో గాలి లేదు కాబట్టి నేనే గాలి" అనేవాడు. అది నిజం. నిమిరినా, చిన్న ఫ్యాను పెట్టినా కాండం పొట్టిగా, లావుగా వస్తుంది. తర్వాత ఒక వారం పది రోజులు ట్రేలను మొదట నీడలో, తర్వాత కొంచెం ఎండలో, ఆపైన రాత్రి కూడా బయట పెట్టి అలవాటు చేస్తాం. మా నాయన నారు పీకే ముందు నాలుగు రోజులు నీళ్లు తగ్గించేవాడు, అదీ ఇదీ ఒకటే పని. నాటేటప్పుడు కాండాన్ని సగం దాకా మట్టిలో పూడ్చాలని ఇద్దరూ చెప్పారు. ఎందుకంటే టమోటాకు పూడ్చిన కాండమంతా వేళ్లు పుడతాయి. మిల్వాకీ పెద్దాయన, మదనపల్లె దగ్గరి మా నాయన ఒకరినొకరు చూసుకోలేదు, ఒకే మాట చెప్పారు.

ఆ సాయంత్రాల కబుర్లు ఎట్లా ఉంటాయంటే, రకాల మీదే గంట గడుస్తుంది. ఒకావిడ రిటైరైన టీచరు, ఆమెకు చెరోకీ పర్పుల్ అంటే ప్రాణం. ఊదా రంగు కాయ. దాని గింజలు 1990లో పోస్టులో క్రెయిగ్ లెహూలియర్ అనే తోటకారు చేతికి వచ్చాయి, ఆయనే ఆ పేరు పెట్టాడు. ఇంకొకాయనకు సన్‌గోల్డ్ కావాలి, గోళీకాయంత నారింజరంగు పండు, తేనెలా ఉంటుంది. మెక్సికో నుంచి వచ్చిన దంపతులు మాత్రం, "టమోటా అన్న మాటే మాది, మీరంతా మా దగ్గర అప్పు తెచ్చుకున్నవాళ్లు" అని నవ్వుతారు. అదీ నిజమే, అక్కడి నవాట్ల్ భాషలోని 'తోమాట్ల్' నుంచి వచ్చిందది. మా అవ్వ దాన్ని సీమవంకాయ అనేది. ఇది పండా, కూరగాయా అని అమెరికా సుప్రీంకోర్టు దాకా తగాదా వెళ్లింది. సుంకం విషయంలో కూరగాయే అని 1893లో తీర్పు చెప్పారు. రెండో గ్లాసు దగ్గర ఏటా ఆ తీర్పును మళ్లీ విచారిస్తాం.

ఈ కబుర్లలో ధర మాట రాదు. అది గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వచ్చినా నవ్వుకోవడానికే వస్తుంది. విలియం అలెగ్జాండర్ అనే ఆయన తన పెరటితోట ఖర్చంతా లెక్కేస్తే ఒక్కో టమోటా 64 డాలర్లు పడిందట, దాని మీద 2006లో పుస్తకమే రాశాడు. అది చెప్పుకుని కడుపుబ్బ నవ్వుతాం. మన ఊళ్లో టమోటా గురించి ఇద్దరు మాట్లాడుకుంటే మొదటి మాట ధర. రంగు, రుచి, పెరిగిన తీరు ఎవరూ అడగరు. "నిన్న మార్కెట్లో ఎంత పలికింది?" అంతే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాయన ఎకరా కయ్యలో టమోటా పెట్టాడు. కాపు విరగకాసింది. అందరిదీ విరగకాసింది, అదే చిక్కు. వెదురు గంపల్లో సర్ది, పైన ఆకు కప్పి, లారీకెత్తి మద్రాసు పంపాం. వారానికి ఉత్తరం వచ్చింది. సరుకు అమ్మిన డబ్బు లారీ బాడుగకు చాలలేదు, మీరే ఇంత పంపాలి అని. నాకు చదవడం వచ్చు కాబట్టి ఆ ఉత్తరం నా చేత చదివించారు. మా నాయన రెండోసారి చదవమన్నాడు. తర్వాత మిగిలిన తోటలోకి ఆవుల్ని తోలాడు. ఆ ఏడాది బడికి కట్టాల్సిన డబ్బు ఈ వేదిక మీద కూర్చున్న ఒక అయ్యవారు కట్టారు. పేరు చెప్పొద్దని నిన్ననే మళ్లీ ఒట్టు పెట్టించుకున్నారు, చెప్పను.

2023 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. టమోటాకు కాపలా పెట్టుకున్నారని వార్తలొచ్చాయి. సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమలో రైతులు రోడ్డు పక్కన పారబోశారు. ఆ ఫొటో నా ఫోనుకు వచ్చిన రోజు గ్యారేజీ ముందు కూర్చునే ఉన్నాం, చివరి కాయలు కోసుకుంటున్న రోజులు. ఫోను చేతులు మారింది. ఒకరు సాస్ చేసి సీసాల్లో పెట్టుకోవచ్చు కదా అన్నారు. ఒకరు అనాథాశ్రమాలకు ఇవ్వొచ్చు కదా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. పెద్దాయన చాలాసేపు చూసి గ్లాసు కింద పెట్టి, "ఈ బండి బాడుగ ఎవరు కట్టారు?" అని అడిగాడు.

అప్పటిదాకా ఆ దేశంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఉత్తరం కథ అంతా చెప్పాను. ఆయన తన ఫ్యాక్టరీ చివరి రోజు గురించి చెప్పాడు. కాగుల్లో వేడి చల్లారడానికి ఎన్ని గంటలు పడుతుందో ఆయనకు నిమిషాలతో సహా తెలుసు, ఆ రోజు గోడకు చెయ్యి ఆనించి అది చల్లారేదాకా నిలబడ్డాడట. ముప్పై ఏళ్లలో బీరు రుచి గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదని, పీపా ఖర్చెంత, అమ్మకమెంత, షిఫ్టు ఉంటుందా పోతుందా అదే మాటని, రుచి తెలుసుకుంది ఉద్యోగం పోయాకేనని అన్నాడు.

పోయిన చలికాలం ఆయన పోయాడు. గింజలు చిన్న కాగితం పొట్లాల్లో, ఒక్కో దాని మీద ఏడాది రాసి పెట్టి ఉన్నాయి, కూతురు తెచ్చి నాకిచ్చింది. వాటిని ఇక్కడికి తేవాలని చాలా అనిపించింది. కానీ విత్తనాల్ని అనుమతి లేకుండా జేబులో వేసుకుని దేశాలు దాటించడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది, తెగుళ్లు కూడా ఆ జేబులోనే వస్తాయి.

మన సంఘానికి నేనొక మాట ఇచ్చాను, కార్యదర్శి చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నా. టమోటా ధర పడిపోయిన ఏడాది మన బడిలో తొమ్మిది, పది చదివే రైతుల పిల్లలకు పుస్తకాలు, ఫీజులు, బస్సు పాసు ఆగకుండా చూడటానికి కొంత డబ్బు వేరుగా పెట్టాం. పిల్లలు అర్జీ రాయక్కర్లేదు, ఎవరి తోటలో ఏం జరిగిందో అయ్యవార్లకు తెలుస్తుంది. ఇచ్చింది ఎవరో పిల్లలకు తెలియనవసరం లేదు. మీలో ఎవరైనా కలపదలుచుకుంటే భోజనాల దగ్గర కార్యదర్శిని కలవండి.

ఇంకొకటి. మా బ్యాచ్ వాడొకడు ఇక్కడికి దగ్గర్లోనే నర్సరీ నడుపుతున్నాడు. వేసవి పంటకు ఇప్పుడే నారు సిద్ధమవుతోంది. 98 గుంతల ట్రేలు, కొబ్బరిపొట్టు, షేడ్‌నెట్, నెల తిరక్కుండా నారు చేతికి. రేపు పొద్దున ఆరింటికి చూడటానికి పోతున్నాం. మిద్దెతోటలు పెట్టుకున్న ఆడపడుచులు కూడా రండి, పది మొక్కలైనా ఇస్తానన్నాడు. డబ్బులిచ్చి తీసుకోండి. బడి గేటు దగ్గర జీపు ఉంటుంది. టీ ఉంటుంది, బీరు లేదు.