ఫోనులో ఆకాశరామన్న ఉత్తరాలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లలో తిరిగే ద్వేషపు రాతలను, కుట్ర కథలను సామాజిక శాస్త్రవేత్తలు ఏ విధంగా పరిశోధిస్తారో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. నేను పండితుణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైన వాణ్ణి. అయితే సంతకం లేని కాగితాలు మనకు కొత్త కాదు. ఆకాశరామన్న ఉత్తరం వస్తే ఏం చూసేవాళ్లం? ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి మీద రాశారు, ఇప్పుడే ఎందుకు రాశారు? పరిశోధకులు అడిగేవీ దాదాపు ఇవే.

మన అబ్దుల్లాపూర్‌మెట్ సంగతే చూద్దాం. 2019 నవంబరు 4న ఇక్కడి తహసీల్దారు విజయారెడ్డి గారిని ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి కాల్చి చంపారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు గురునాథం కూడా మరునాడు కన్నుమూశారు. ఆ దుఃఖం చల్లారకముందే రెవెన్యూ ఉద్యోగులందరినీ ఒకే గాట కట్టి తిట్టే రాతలు ఫోన్లలోకి వచ్చాయి. పని జరగలేదన్న కోపం వేరు, ఆ కొలువులో ఉన్నవాళ్లకు ఇలాగే కావాలనడం వేరు. మొదటిది ఫిర్యాదు, రెండవది ద్వేషం.

ఈ రెంటినీ విడదీయడమే పరిశోధనలో మొదటి మెట్టు. రాతలను పోగుచేసి, పేర్లు, నంబర్లు తీసేసి, ఏది విమర్శ, ఏది తిట్టు, ఏది హింసకు ఉసిగొల్పడం అని ఇద్దరు ముగ్గురు విడివిడిగా గుర్తులు పెడతారు. ఒకరి గుర్తులు మరొకరి వాటితో చాలావరకు కలిస్తేనే ఆ లెక్కను నమ్ముతారు. మన ఆడిట్ లాంటిదే అనుకోండి.

ఒక రాత ఎంతగా తిరిగిందో లెక్క చెబుతుంది. జనం దాన్ని ఎందుకు నమ్మారో చెప్పదు. అందుకు మనుషుల మాట వినాలి. ఫోన్లు లేని రోజుల్లోనే మన దేశంలో ఈ పని జరిగింది. 1934 బీహారు భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు జనంలో తిరిగే పుకార్లను సేకరించి, మరుసటి ఏడు ప్రచురించారు. భూమి కదిలినా ఇళ్లు కూలని చోట్ల, ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందన్న పుకార్లు పుట్టాయి! లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1957లో దీన్ని ఇలా విడమరిచారు: భయం ముందే మనసులో ఉంది, దానికి తగిన కారణాన్ని పుకారు అందించింది.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ పుకారు మన రాష్ట్రమంతా పాకింది. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టడంతో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ప్రాణం పోయింది. ఇటువంటి హత్యల మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన శకుంతలా బానాజీ, రామ్ భట్ నాలుగు రాష్ట్రాల్లో జనంతో మాట్లాడి 2019లో నివేదిక ఇచ్చారు. అసలు కారణం చదువు లేకపోవడం కాదు, ఇతరుల పట్ల ముందే ఉన్న దురభిప్రాయం అని తేల్చారు.

మూడో పద్ధతి పరీక్ష పెట్టి చూడడం. సుమిత్రా బద్రీనాథన్ బీహారులో 1,224 మందితో ప్రయోగం చేశారు. కొందరికి ఇంటి వద్దనే సుమారు గంటసేపు అబద్ధపు వార్తను పట్టుకునే శిక్షణ ఇచ్చి, మిగతావారితో పోల్చారు. మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. ఒక్క పాఠంతో మనసు మారదన్నమాట.

మరి మారేదెట్లా? 2018లోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, ఏ కబురు తిరుగుతోందో విని, డప్పుతో, పాటతో జనానికి నిజం చెప్పించారు. అక్కడ ఆ పుకారుకు ఎవరూ బలి కాలేదు. తెలిసిన మనిషి నోటి మాటకున్న విలువ అది.

మిత్రులారా, మన మనవలకు, ఇరుగుపొరుగుకు ఆ తెలిసిన మనుషులం మనమే. పెద్దాయన పంపాడంటే నిజమే అనుకుంటారు. సర్వీసులో సంతకం లేని కాగితాన్ని విచారించకుండా పై ఆఫీసుకు పంపలేదు. ఫోనులో మాత్రం ఎందుకు పంపాలి? ఎవరి మీద, ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని మూడు ప్రశ్నలు వేసుకుందాం. జవాబు దొరకని కాగితం మన టేబుల్ దాటకూడదు.